ఎల్.ఎం.పి. డాక్టరు ఎటు పోయాడు?

మన ఐటీ జనం నలుగురు లంచ్ టేబుల్ దగ్గర చేరి ప్రభుత్వ వైద్యం గురించి మాట్లాడుకుంటే ఆ మాటలు రెండే దారుల్లో నడుస్తాయి. ఒకటి, "ఈ డాక్టర్లు ప్రజల డబ్బుతో చదువుకుంటారు, తీరా పల్లెటూరికి వెళ్ళమంటే మాత్రం వెళ్ళరు". రెండోది, "గవర్నమెంటు ఆసుపత్రి అంటే అంతే, ప్రైవేటు వాళ్ళకి ఇచ్చేస్తే ఎఫిషియెన్సీ దానంతట అదే వస్తుంది". మొదటిది డాక్టర్ల బుద్ధి మీద తీర్పు, రెండోది ప్రభుత్వం బుద్ధి మీద తీర్పు. రెండింట్లోనూ చరిత్ర లేదు. ఎండాకాలంలో ఎండ కాసినట్టు ఇదంతా దానంతట అదే జరిగిపోయింది అన్నట్టు మాట్లాడేసుకుని, చేతులు కడుక్కుని ఎవరి సీటుకి వాళ్ళం వెళ్ళిపోతాం.

నేను కొన్నాళ్ళుగా పాత కమిటీ రిపోర్టులు చదువుతున్నాను (కోడ్ రివ్యూల కన్నా ఇవే నయం, కనీసం కథ ఉంటుంది). చదివిన కొద్దీ నాకు అనిపించిందేమిటంటే, పల్లెలో డాక్టరు లేకపోవడం, పట్నంలో పెద్దాసుపత్రి ముందు తెల్లవారు జామునుంచే ఓపీ చీటీ కోసం జనం నిలబడటం, ఇవి రెండు వేర్వేరు జబ్బులు కావు. మెట్ల వరసలో మొదటి మెట్టు లేదు. పల్లెలో అది ఒక రకంగా కనిపిస్తుంది, పట్నంలో ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆ మెట్టు ఒకప్పుడు ఉండేది, లేదా కనీసం కట్టడం మొదలుపెట్టారు. దాన్ని తీసేసిన నిర్ణయానికి తేదీ కూడా ఉంది.

మన తాతల తరం వాళ్ళని అడిగితే "ఎల్.ఎం.పి. డాక్టరు" అనే మాట చెబుతారు. బ్రిటిష్ కాలంలో డాక్టర్లు రెండు రకాలు. యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న మెడికల్ కాలేజీలో ఐదారేళ్ళు చదివి ఎం.బి.బి.ఎస్. పట్టా పుచ్చుకున్నవాళ్ళు ఒక రకం. మెడికల్ స్కూల్లో నాలుగేళ్ళు చదివి లైసెన్సు పుచ్చుకున్నవాళ్ళు రెండో రకం. ఈ రెండో రకం వాళ్ళే లైసెన్షియేట్లు, మన వైపు ఎల్.ఎం.పి.లు. మద్రాసులో రాయపురం స్కూలు అలాంటిదే, ఇప్పుడు మనం స్టాన్లీ మెడికల్ కాలేజీ అంటున్నది అదే. నిజాం వైపు హైదరాబాద్ మెడికల్ స్కూలు 1846లోనే మొదలయ్యింది, అక్కడ మొదట్లో ఇంగ్లీషు వైద్యాన్ని ఉర్దూలో చెప్పేవారు. (ఇంజనీరింగ్ తెలుగులో చెప్పడం సాధ్యమా కాదా అని మనం ఇంకా తగువులాడుకుంటున్నాం.)

ఎల్.ఎం.పి. అంటే నాటు వైద్యుడు కాదు. శరీర నిర్మాణం చదివాడు, మందుల గురించి చదివాడు, పురుళ్ళు పోశాడు, చిన్న ఆపరేషన్లు చేశాడు. కాకపోతే జిల్లా ఆసుపత్రిలో పెద్ద పోస్టు అతనికి రాదు, ఇంగ్లండు అతని పట్టాని గుర్తించదు. అంచేత చాలామంది తాలూకా డిస్పెన్సరీల్లోనూ చిన్న ఊళ్ళలోనూ సర్దుకున్నారు. మన భాషలో చెప్పాలంటే ఎల్ వన్ సపోర్టు. వచ్చిన టికెట్లలో ఎక్కువ భాగం అక్కడే తేలిపోతాయి, తేలనివి మాత్రమే పైకి వెళ్తాయి.

ఇక్కడ ఒక తెలుగువాడి సంగతి చెప్పుకోవాలి. 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీకి పానగల్ రాజా పానగంటి రామరాయణింగారు ప్రధానిగా ఉన్నారు. కాళహస్తి ప్రాంతం వారు, జస్టిస్ పార్టీ నాయకుడు. చెన్నైలో పనిచేసినవాళ్ళు టి.నగర్ పానగల్ పార్కు దగ్గర పట్టుచీరల షాపుల కోసం తిరిగే ఉంటారు, ఆ పార్కు ఈయన పేరు మీదే. ఈయన ప్రభుత్వం 1924 ప్రాంతంలో ఒక పథకం పెట్టింది. పల్లెలో స్థిరపడి ప్రాక్టీసు పెట్టుకునే డాక్టరుకి ప్రభుత్వం ఏటా కొంత భృతి ఇస్తుంది. పేదవాళ్ళని అతను ఉచితంగా చూడాలి, ఉన్నవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోవచ్చు. అతను పూర్తిగా ప్రభుత్వోద్యోగీ కాడు, పూర్తిగా ప్రైవేటూ కాడు. వంద ఏళ్ళ తరవాత మనం పీపీపీ మోడల్ అని స్లైడులేసి చూపిస్తున్నదాంట్లో ఇంతకంటే తెలివైనవి నాకు ఎక్కువ కనబడలేదు. భృతి చిన్నది, ఊరివాళ్ళ జేబులు ఇంకా చిన్నవి, అంచేత అన్ని చోట్లా నిలబడలేదు. అయినా ఆలోచన సరైనది. డాక్టరుని పల్లెకి ట్రాన్స్‌ఫర్ చెయ్యడం కాదు, పల్లెలో బతకగలిగే డాక్టరుని తయారు చెయ్యడం.

పట్టాల్లో ఈ హెచ్చుతగ్గుల గురించి మాట్లాడుతూ యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకోకపోతే బాగుండదు. భీమవరంలో పుట్టిన ఈయన మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతుండగా ఖద్దరు కట్టారని సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చింది. దాంతో ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ రకం సర్టిఫికెట్టు చేతిలో పెట్టి పంపేశారు. ఎల్.ఎం.ఎస్., ఎల్.ఎం.పి. ఒకటి కావనుకోండి, కానీ చిన్నచూపు ఒకటే. ఆయన అమెరికా వెళ్ళి, లెడర్లీ కంపెనీలో తన బృందంతో బోదకాలుకి మందు తీశారు, కేన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ తీశారు. మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర ఆయన చలవే.

సరే, అసలు కథకి వద్దాం.

1943 అక్టోబరులో బ్రిటిష్ ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. యుద్ధం అయ్యాక ఇండియాలో వైద్యం ఎలా ఉండాలో చెప్పమంది. కమిటీలో బి.సి.రాయ్ ఉన్నారు, మద్రాసు నుంచి లక్ష్మణస్వామి మొదలియార్ ఉన్నారు. 1946లో నాలుగు సంపుటాల రిపోర్టు ఇచ్చారు. ఆ రిపోర్టులో పరిస్థితి చదివితే గుండె జారుతుంది. సగటు ఆయుర్దాయం 27 ఏళ్ళు. పుట్టిన ప్రతి 1000 మంది పిల్లల్లో 160 మందికి పైగా ఏడాది నిండకుండానే పోయేవారు. 6,300 మందికి ఒక డాక్టరు, 43,000 మందికి ఒక నర్సు. ఆ ఉన్న డాక్టర్లలో కూడా 70 నుంచి 75 శాతం పట్నాల్లోనే ఉన్నారు. అంటే పల్లెకి డాక్టరు పోకపోవడం స్వాతంత్ర్యం తరవాత దిగజారిన విలువల వల్ల వచ్చింది కాదు. తెల్లవాడి హయాంలోనే అంతే.

ఇప్పుడు అసలు అంకె చూడండి. అప్పటికి దేశంలో ఉన్న డాక్టర్లు సుమారు 47 వేల మంది. వాళ్ళలో దాదాపు 30 వేల మంది లైసెన్షియేట్లే. మూడింట రెండొంతులు కంటే కొంచెం తక్కువ. అంటే దేశంలో వైద్యం నడుస్తున్నదే వాళ్ళ భుజాల మీద.

భోర్ కమిటీలో ఎక్కువమంది ఏమన్నారంటే, ఇకమీదట దేశంలో ఒకే రకం డాక్టరు ఉండాలి, అతను యూనివర్సిటీ పట్టా ఉన్న "బేసిక్ డాక్టరు" కావాలి, ఉన్న వనరులన్నీ అతని తయారీ మీదే పెట్టాలి, లైసెన్షియేట్ చదువు ఆపెయ్యాలి. కమిటీలో కొందరు దీనికి ఒప్పుకోలేదు. ఉన్నవాళ్ళే చాలనప్పుడు ఉన్న స్కూళ్ళు మూసేస్తే ఎట్లా, ఇంకొన్నాళ్ళు రెండు రకాలూ నడవనివ్వండి అని భిన్నాభిప్రాయం రాశారు. మెజారిటీ మాటే నెగ్గింది. నిజానికి మద్రాసులో ఈ పని ముందే మొదలయ్యింది, రాయపురం స్కూలు 1938లోనే కాలేజీగా మారింది. మిగతావి కూడా స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్ళలో కాలేజీలైనా అయ్యాయి, మూతైనా పడ్డాయి.

మెజారిటీ వాళ్ళని తిట్టడం తేలిక. వాళ్ళేమీ తెలివితక్కువ వాళ్ళు కాదు. వాళ్ళ వాదన వెనక ఒక గొప్ప మాట ఉంది. పల్లెవాడి ప్రాణం పట్నవాసి ప్రాణం కంటే చవక కాదు, అంచేత పల్లెకి రెండో రకం డాక్టరుని ఇవ్వకూడదు. పైగా లైసెన్షియేట్లే తమని చిన్నచూపు చూస్తున్నారని ఏళ్ళ తరబడి గొడవ చేస్తున్నారు. 1933లో వచ్చిన మెడికల్ కౌన్సిల్ చట్టం వాళ్ళని రిజిస్టరు లోకే రానివ్వలేదు. తమకి కూడా పై చదువు దారి తెరవమని వాళ్ళు అడిగింది న్యాయమే. కానీ ఉన్నవాడికి ప్రమోషన్ ఇవ్వడం వేరు, ఆ పోస్టునే ఎత్తెయ్యడం వేరు. ఎల్ వన్ టీమ్‌లో కుర్రాళ్ళు ఎదగాలని కోరుకుంటే వాళ్ళకి ట్రైనింగ్ ఇస్తాం గానీ, ఇకనుంచి మా కంపెనీలో అందరూ ఆర్కిటెక్టులే, ఫోన్ ఎత్తేవాళ్ళు ఉండరు అని ప్రకటించం కదా.

ఇంకో దారి కూడా అప్పట్లో కాగితం మీద ఉంది. కాంగ్రెస్ 1938లో వేసిన జాతీయ ప్రణాళికా సంఘంలో ఆరోగ్యం మీద కల్నల్ సోఖే నాయకత్వంలో ఒక ఉపసంఘం ఉండేది. వాళ్ళు చెప్పింది చాలా సింపుల్. ప్రతి 1000 మందికి ఆ ఊరి మనిషినే ఒకరిని తీసుకుని, కొన్ని నెలలు శిక్షణ ఇచ్చి ఆరోగ్య కార్యకర్తగా పెట్టండి. ఈ 1000 అనే అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ వస్తుంది.

భోర్ కమిటీ స్పెక్ మాత్రం అద్భుతం. దూరకాలపు ప్లానులో 10 నుంచి 20 వేల మందికి ఒక 75 పడకల ఆసుపత్రి. ఇది కుదిరేదాకా తాత్కాలికంగా 40 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అందులో ఇద్దరు డాక్టర్లు, నర్సులు, మంత్రసానులు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు. 1952లో కమ్యూనిటీ డెవలప్‌మెంట్ బ్లాకులతో పాటు పీహెచ్‌సీలు మొదలయ్యాయి. తాత్కాలికం అన్నదాంట్లో కూడా సగమే డెలివరీ అయ్యింది. బ్లాకుకి ఒకటి, అంటే 60 వేల నుంచి లక్ష మంది దాకా ఒక కేంద్రం. 1962లో మొదలియార్ కమిటీ (భోర్ కమిటీలో ఉన్న లక్ష్మణస్వామి గారే) వీటిని చూసి, కొత్తవి తెరవడం కంటే ముందు ఉన్నవాటిని సరిగ్గా నడపండి బాబూ అన్నట్టు రాసింది. 30 వేల మందికి ఒక పీహెచ్‌సీ, 5 వేల మందికి ఒక సబ్ సెంటరు అనే లెక్క 1980లలో గానీ రాలేదు.

ఈలోగా మన రాష్ట్రంలో మెడికల్ కాలేజీలు వరసగా వచ్చాయి. గుంటూరు 1946, గాంధీ 1954, కర్నూలు 1956, కాకినాడ రంగరాయ 1958, వరంగల్ కాకతీయ 1959, తిరుపతి 1960. అన్నీ పట్నాల్లోనే. ఐదున్నరేళ్ళు వెయ్యి పడకల ఆసుపత్రిలో, ఎక్స్‌రే పక్కన, లాబ్ పక్కన, స్పెషలిస్టు పక్కన నిలబడి వైద్యం నేర్చుకున్న కుర్రాణ్ణి తీసుకెళ్ళి స్టెతస్కోపూ నాలుగు రకాల మాత్రలూ తప్ప ఏమీ లేని గదిలో కూర్చోబెడితే అతను చేసేదేముంది? మనల్ని క్లౌడ్ మీద ట్రైన్ చేసి, కరెంటు లేని ఊళ్ళో ఫ్లాపీ ఇచ్చి డిప్లాయ్ చెయ్యమన్నట్టు ఉంటుంది. అతను వెళ్ళకపోవడం స్వార్థమే కావచ్చు, కానీ అతన్ని తయారు చేసిన పద్ధతే వెళ్ళకుండా తయారు చేసింది.

మరి పల్లెలో జనానికి జ్వరాలు రావడం ఆగలేదు కదా. ఎల్.ఎం.పి. ఖాళీ చేసిన కుర్చీలో ఎవరు కూర్చున్నారు?

అందరికీ తెలిసిన మనిషే. ఆర్.ఎం.పి.

ఈ పేరులోనే పెద్ద తమాషా ఉంది. రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ అంటే నిజానికి కౌన్సిల్ రిజిస్టరులో పేరున్న అసలైన డాక్టరు. మన ఊళ్ళలో మాత్రం రిజిస్టరు మొహం చూడని వాణ్ణే ఆర్.ఎం.పి. అంటాం. ఏ డాక్టరు దగ్గరో కాంపౌండర్‌గా నాలుగేళ్ళు చేసి, సూది వెయ్యడం, గ్లూకోజు ఎక్కించడం నేర్చుకుని, సొంత ఊరికొచ్చి బోర్డు పెట్టుకున్నవాడు. చట్టం దృష్టిలో అతను లేడు. కానీ అర్ధరాత్రి పిల్లాడికి వాంతులైతే తలుపు కొట్టేది అతని ఇంటికే.

ఎఫిషియెన్సీ అంటారు కదా, ఒకసారి రోగి వైపునుంచి లెక్క వెయ్యండి. పీహెచ్‌సీలో చీటీ ఉచితం, మందు ఉచితం. కానీ అక్కడికి ఆటో ఖర్చు, ఆ రోజు కూలి పోవడం, వెళ్ళాక డాక్టరు మీటింగుకి వెళ్ళాడని తెలియడం, మళ్ళీ ఇంకో రోజు కూలి పోవడం. ఆర్.ఎం.పి. సాయంత్రం పనినుంచి వచ్చాక ఇంటికే వస్తాడు. డబ్బు పంట చేతికొచ్చాక ఇచ్చినా సరే. "అత్తా, ఎలా ఉంది ఒంట్లో" అని వరస పెట్టి పిలుస్తాడు. కూలివాడి లెక్కలో ఉచిత వైద్యం ఖరీదైనది, డబ్బు పుచ్చుకునే వైద్యం చవకైనది. ఈ లెక్క అర్థం కానంత కాలం "జనానికి అవగాహన లేదు" అని వ్యాసాలు రాస్తూనే ఉంటాం.

అట్లాగని నేను ఆర్.ఎం.పి.ని మోసెయ్యడం లేదు. అతని అపాయం చిన్నది కాదు. వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్, ఒళ్ళునొప్పులకి స్టెరాయిడ్, నీరసానికి గ్లూకోజు బాటిల్. రోగికి రెండు రోజుల్లో హుషారొస్తుంది, పేరు నిలబడుతుంది, లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలీదు. పట్నంలో నర్సింగ్ హోముకి కేసు పంపితే కమీషన్ అన్న సంగతి కూడా బహిరంగ రహస్యమే. అంటే ఎల్ వన్ మనిషే సేల్స్ ఏజెంటు కూడా. 1946లో మనం తప్పించుకోవాలనుకున్నది రెండో రకం డాక్టరుని. నాలుగేళ్ళు చదివినవాణ్ణి వద్దన్నాం, అసలు చదవనివాడు వచ్చాడు.

ఇది నా ఊహ కాదు. 2001 జనాభా లెక్కల్లో వృత్తి డాక్టరని చెప్పుకున్నవాళ్ళ చదువు వివరాలు తీసి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఒక నివేదిక వేసింది. అల్లోపతి వైద్యం చేస్తున్నామన్న వాళ్ళలో వైద్య విద్య అర్హత ఉన్నవాళ్ళు పట్నాల్లో 58 శాతం, పల్లెల్లో 19 శాతం. పట్నంలో కూడా 58 శాతమే చూశారా?

పట్నం కథ అందరూ వదిలేసేది. ఆసుపత్రులన్నీ అక్కడే ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అనుకుంటాం. 1950ల నుంచీ ప్లానింగ్ చేసినవాళ్ళూ అంతే అనుకున్నారు. పీహెచ్‌సీ, సబ్ సెంటరు లెక్కలన్నీ పల్లెలకే. హైదరాబాదునే తీసుకోండి. 1908 మూసీ వరదల తరవాత నగరాన్ని మళ్ళీ కట్టుకున్న కాలంలో, నదొడ్డున ఉస్మానియా ఆసుపత్రి మహల్ లాంటిది లేచింది, 1925కి పూర్తయ్యింది. నల్లకుంటలో అంటువ్యాధులకి ఫీవర్ ఆసుపత్రి. తరవాత గాంధీ, నీలోఫర్, నిమ్స్. అన్నీ పెద్దవే. బస్తీలో నడిచి వెళ్ళగలిగే దూరంలో జ్వరానికి మాత్ర ఇచ్చే సర్కారు గది మాత్రం చాలా చోట్ల లేదు. 1982లో కృష్ణన్ కమిటీ మురికివాడల్లో హెల్త్ పోస్టులు పెట్టమంది. 1990లలో ప్రపంచ బ్యాంకు సాయంతో ఐపీపీ ఎనిమిది అనే ప్రాజెక్టు కింద హైదరాబాదులో కొన్ని కేంద్రాలు వచ్చాయి. గ్రామీణ ఆరోగ్య మిషన్ 2005లో మొదలైతే పట్టణ ఆరోగ్య మిషన్‌కి 2013 దాకా దిక్కు లేదు. తెలంగాణ ప్రభుత్వం బస్తీ దవాఖానాలు తెరవడం మొదలుపెట్టింది 2018లో. ఒక డాక్టరు, ఒక నర్సు, ఒక సహాయకుడు, నడిచి వెళ్ళే దూరం. అంతే. ఇంత చిన్న ఆలోచనకి స్వాతంత్ర్యం వచ్చాక 70 ఏళ్ళు పట్టింది.

దీనివల్ల నష్టపోయింది బస్తీవాళ్ళు ఒక్కళ్ళే కాదు. జలుబుకీ గజ్జికీ కూడా ఉస్మానియాకే వెళ్ళాల్సొచ్చినప్పుడు, అక్కడ కార్డియాలజిస్టు టైమంతా పాస్‌వర్డ్ రీసెట్ టికెట్లు క్లోజ్ చెయ్యడంతో సరిపోతుంది. రోగికి రెండు నిమిషాలు కూడా దక్కవు. అతని వెనకాల నిలబడ్డ నిజమైన గుండెజబ్బు మనిషికీ అవే రెండు నిమిషాలు. పెద్దాసుపత్రి పనితీరు బాగుపడాలంటే పెద్దాసుపత్రికి ఇంకో బ్లాకు కట్టడం కాదు, దాని ముందుకి చేరే జనంలో సగం మందికి వీధి చివరే సమాధానం దొరకాలి. స్కేలింగ్ గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా :)

ఈ లోటు ప్రభుత్వాలకి తెలీదని కాదు. ప్రతి పాతికేళ్ళకోసారి ఎవరో ఒకరు కనిపెడుతూనే ఉన్నారు. 1977 అక్టోబరు 2న జనతా ప్రభుత్వం ప్రతి 1000 మందికి ఒక ఊరి మనిషిని కమ్యూనిటీ హెల్త్ వర్కరుగా పెట్టింది. మూడు నెలల శిక్షణ, నెలకి 50 రూపాయలు. సోఖే గారి 1000 మళ్ళీ వచ్చింది. చాలాచోట్ల ఆ పోస్టులు పలుకుబడి ఉన్న మగవాళ్ళకి పోయాయి, కొన్నేళ్ళకి పథకం నీరుగారింది. 2005లో ఆశా వర్కరు వచ్చింది. మళ్ళీ 1000 మందికి ఒకరు. ఈసారి ఆడవాళ్ళు, జీతం కాదు ప్రోత్సాహకం. పురుడుకి ఆసుపత్రికి తీసుకెళ్ళడం, టీకాలు వేయించడం, ఈ పనుల్లో వాళ్ళ శ్రమ కనిపిస్తుంది. కానీ వైద్యం చేసే అధికారం వాళ్ళకి లేదు. దారి చూపిస్తారు, ఆ దారి చివర మళ్ళీ అదే ఖాళీ కుర్చీ.

ఛత్తీస్‌గఢ్ అయితే ఏకంగా ఎల్.ఎం.పి.నే వెనక్కి తెచ్చింది. కొత్తగా ఏర్పడ్డ ఆ రాష్ట్రం 2001లో మూడేళ్ళ వైద్య కోర్సు పెట్టింది. డాక్టర్ల సంఘాలు, కోర్టు కేసులు, పట్టా పేరు మీద గొడవలు, కొన్నేళ్ళకే కోర్సు మూతపడింది. అప్పటికే చదివి బయటికొచ్చిన వాళ్ళని రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా పీహెచ్‌సీలకి పంపారు. తరవాత 2010లో పరిశోధకులు వెళ్ళి, పీహెచ్‌సీకి మామూలుగా వచ్చే జబ్బుల్ని వీళ్ళెలా చూస్తున్నారు, ఎం.బి.బి.ఎస్.లు ఎలా చూస్తున్నారు అని పోల్చి చూస్తే, ఇద్దరూ ఇంచుమించు సమానంగా తేలారు. ఈ ఫలితం వచ్చేసరికి కోర్సు లేదు.

మన ఉమ్మడి రాష్ట్రం వేరే దారి పట్టింది. ఎన్టీఆర్ కాలంలో 1986లో వైద్య విధాన పరిషత్ చట్టం వచ్చింది, తాలూకా, జిల్లా ఆసుపత్రులకి వేరే యాజమాన్యం. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు. మన సత్యం రామలింగరాజు గారి కుటుంబం పెట్టిన సంస్థే నడిపింది, 2009 తరవాత చేతులు మారింది. ఫోన్ ఎత్తిన క్షణం నుంచి బండి చేరే దాకా ప్రతి అడుగూ కొలిచే పద్ధతి నిజంగా సాఫ్ట్‌వేర్ వాళ్ళు పెట్టినట్టే ఉంటుంది, దేశంలో చాలా రాష్ట్రాలు దాన్ని అందుకున్నాయి. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలయ్యింది. గుండె ఆపరేషన్ అనే మాట వింటేనే పొలం అమ్ముకోవాల్సిన కుటుంబాలు కార్పొరేట్ ఆసుపత్రి గుమ్మం ఎక్కాయి. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్ళు ఆ కుటుంబాల్లో ఒక్కదాన్ని కూడా చూసి ఉండరు.

అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆరోగ్యశ్రీ పుట్టింది ఆపరేషన్ల కోసం, ఆసుపత్రిలో చేర్చుకునే పెద్ద జబ్బుల కోసం. జ్వరం, బీపీ, షుగరు, దగ్గు దాంట్లోకి రావు. రోజూ వేసుకోవాల్సిన బీపీ మాత్ర ఖరీదు టీ కంటే తక్కువ. అది పదేళ్ళు వేసుకోని మనిషికి పక్షవాతమో గుండెపోటో వస్తే, అప్పుడు 108 వస్తుంది, ఆరోగ్యశ్రీ వస్తుంది, లక్షలు ఖర్చవుతాయి. నెలకోసారి ఊరికి మందులు తెచ్చిన 104 బండి ఈ గొలుసుని మొదట్లోనే తెంపడానికి చేసిన మంచి ప్రయత్నం, కానీ ఆపరేషన్‌కి వచ్చిన ఫొటో దానికి రాలేదు. పడిపోయిన సర్వరుని లేపినవాడికి అవార్డు ఇస్తాం, పడిపోకుండా చూసుకున్నవాడు అప్రైజల్‌లో ఏం చేశాడో చెప్పుకోలేడు. ప్రభుత్వాలూ మన మేనేజర్ల లాగే ఉంటాయి.

పక్కనే తమిళనాడు ఉంది. 1953 దాకా మనమూ వాళ్ళూ ఒకే ప్రెసిడెన్సీ, 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. దేశంలో అలాంటి చట్టాల్లో అదే మొదటిది. స్వాతంత్ర్యం తరవాత చాలా రాష్ట్రాలు ప్రజారోగ్య శాఖని వైద్య శాఖలో కలిపేశాయి, తమిళనాడు మాత్రం విడిగా ఉంచుకుంది. అంటే దోమలు, నీళ్ళు, టీకాలు, పీహెచ్‌సీలు చూసుకునే అధికారులకి సొంత బడ్జెట్టు, సొంత ప్రమోషన్లు. పల్లెలో పనిచేసిన డాక్టర్లకి పీజీ సీట్లలో పెద్ద వాటా పెట్టారు. కుర్రాడు పల్లెకి వెళ్ళేది త్యాగం కోసం కాదు, సీటు కోసం. ఉపన్యాసాల కంటే ఇన్సెంటివ్ బాగా పనిచేస్తుందని వాళ్ళకి తొందరగా అర్థమయ్యింది. ఒకే వారసత్వం దొరికిన ఇద్దరిలో ఒకరు ఇల్లు నిలబెట్టుకుంటే ఇంకొకరు అద్దెకిచ్చినట్టయ్యింది.

2010లో కేంద్రం మూడున్నరేళ్ళ గ్రామీణ వైద్య కోర్సు గురించి మాట్లాడింది, డాక్టర్ల సంఘాలు "పల్లెవాళ్ళకి సగం డాక్టరా" అని లేచాయి, ఆ కోర్సు ఎం.బి.బి.ఎస్. పక్కన నిలబడలేకపోయింది. 2019లో నేషనల్ మెడికల్ కమిషన్ చట్టంలో 32వ సెక్షన్ కింద పరిమిత లైసెన్సు ఉన్న ఆరోగ్య కార్యకర్తల గురించి రాశారు, మళ్ళీ సమ్మెలు. వాళ్ళ ప్రశ్న 1946లో మెజారిటీ వేసిన ప్రశ్నే, దాని బరువు నేను కాదనను. మా కంపెనీ ఇన్సూరెన్సు కార్డు పట్టుకుని తిరిగే నేను, పల్లెవాళ్ళకి మూడేళ్ళ డాక్టరు చాల్లే అనడం వినడానికి బాగుండదు కూడా. కానీ ఆ ప్రశ్న వేసేవాళ్ళు పూర్తి డాక్టరుకీ సగం డాక్టరుకీ మధ్య ఎంచుకోమంటున్నారు. 75 ఏళ్ళుగా పల్లె ముందున్న ఎంపిక అది కాదు. సగం డాక్టరుకీ ఆర్.ఎం.పి.కీ మధ్య.

చివరికి 2018 నుంచి ఈ పని చడీచప్పుడు లేకుండా ఇంకో దారిలో జరుగుతోంది. సబ్ సెంటర్లని హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లుగా మార్చి (2023లో ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్ అని పేరు మార్చారు) ఒక్కొక్క దాంట్లో మధ్యస్థాయి వైద్య సిబ్బందిని పెట్టారు. మన రెండు రాష్ట్రాల్లోనూ బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయిలు చాలామంది ఈ పనిలోకి వచ్చారు. అదనంగా కొన్ని నెలల శిక్షణ, చేతిలో ట్యాబ్, బీపీ మిషను, షుగరు స్ట్రిప్పులు, కొన్ని రకాల మందులు, అవసరమైతే పైన డాక్టరుతో వీడియో కాల్. నాలుగేళ్ళ చదువు, పల్లెలో పోస్టింగు, పరిమితమైన అధికారం. ఎల్.ఎం.పి. వర్ణన అచ్చంగా ఇదే, కాకపోతే ఈసారి చీర కట్టుకుని వచ్చింది. పైగా కాంట్రాక్టు ఉద్యోగం.

మా అమ్మమ్మ గారి ఊళ్ళో ఉన్న అమ్మాయికి ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి, నాకంటే చిన్నది. ఊళ్ళో బీపీ ఉన్నవాళ్ళ పేర్లన్నీ నోటికి చెబుతుంది. మొదట్లో అందరూ "సిస్టరు" అనేవారట. ఈ మధ్య మా అమ్మమ్మ ఫోనులో "డాక్టరమ్మ మాత్ర మార్చింది" అంది.